పిల్లవానికి పడని తిండి – వాకిట్లో కుక్క, కొట్టంలో కుడితి తొట్టి

కళ్యాణదుర్గం వైపున ఒక పాల సంఘంలో లెక్కల తనిఖీకి వెళ్ళినప్పుడు, సాయంత్రం పాలు పోసి ఖాళీ క్యాను చేతబట్టుకుని నిలబడ్డ ఒక సభ్యురాలు మమ్మల్ని ఒక మాట అడిగింది. “సార్, మా ఇంట్లో కుక్క ఉంది. అది నాకినప్పుడల్లా మా పిల్లోనికి మూతంతా దద్దుర్లు లేస్తాండాయి. కుక్క వల్లనే అంటారా?”

సంఘాల లెక్కలు చూసేవారికి వైద్యం తెలిసి ఉండాలన్న నియమం లేదు. కాని ఊరికి వచ్చిన ఉద్యోగిని అన్నీ అడుగుతారు, మేమూ అన్నింటికీ ఏదో ఒక జవాబు చెప్పడం అలవాటు చేసుకున్నాము. కుక్క వెంట్రుకలు కొందరికి పడవమ్మా, దాన్ని దూరంగా పెట్టండి అని చెప్పి, తనిఖీ పుస్తకంలో సంతకం చేసి ఆఖరి బస్సు ఎక్కాము. మా మాట పట్టుకుని వాళ్ళు ఆ కుక్కను పన్నెండు కిలోమీటర్ల అవతల బంధువుల తోటలో వదిలి వచ్చారు. పిల్లవాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదట. కుక్క అక్కడ నిలవక ఎటో వెళ్ళిపోయింది. దద్దుర్లు మాత్రం పోలేదు.

మూడు వారాల తరువాత అవ్వ కుడితి కలిపిన చేత్తోనే మనుమని ముక్కు తుడిచింది. బుగ్గ మీద అవే దద్దుర్లు. ఇది చలి గాలి అనుకున్నారు. ఆ పిమ్మట జాతరలో ఎవరో ఒక చిక్కీ ముక్క పిల్లవాని చేతిలో పెట్టారు. సగం తిన్నాడో లేదో వాంతి చేసుకున్నాడు. పెదవులు ఉబ్బాయి, గొంతు బొంగురుపోయింది, ఊపిరిలో పిల్లికూతలు మొదలైనాయి. మోటారు సైకిలు మీద మధ్యన కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి చేర్చారు. తొడకు ఒక ఇంజక్షను వేశారు. కొద్ది నిమిషాల్లో తేరుకున్నాడు.

అటు తరువాత అనంతపురంలో చూసిన పిల్లల డాక్టరుగారు తల్లిని అడిగిన మొదటి ప్రశ్న, “కుక్కకు ఏం పెడుతుంటిరమ్మా?” అని. రాత్రి మిగిలిన సంగటిలో ఊరిబిండి కలిపి పెట్టేవారు. పగలు అది కొట్టంలోకి పోయి కుడితి తొట్టిలో మూతి పెట్టేది. ఊరిబిండిలో ఉన్నది చెనిగిత్తనాలు, కుడితిలో ఉన్నది వేరుశనగ చెక్క. కుక్క నాలుక మీద, మూతి వెంట్రుకల మీద అంటుకున్నదే పిల్లవాని బుగ్గకు చేరింది. అవ్వ చేతి నుండి చేరిందీ అదే, చిక్కీలో ఉన్నదీ అదే. మేము దోషిగా నిర్ణయించి ఊరు దాటించిన కుక్క ఆ తిండిని మోసిందే తప్ప మరేమీ చేయలేదు.

మా సలహా తప్పు కాబట్టి దాన్ని సరిదిద్దే బాధ్యత కూడా మాదే అనుకుని, తెలిసిన డాక్టర్లను అడిగి, చదివి, ఈ వ్యాసం వ్రాస్తున్నాము. పాడి ఉన్న ఇంట్లో పశువులు, కుక్క, పిల్లి, పిల్లలు ఒకే వాకిట్లో తిరుగుతారు. అలాంటి ఇంట్లో ఒకరికి ఒక తిండి పడకపోతే ఏం చేయాలన్నదే విషయం.

ఎలర్జీ అంటే ఏమి జరుగుతుంది

మన శరీరంలో రోగక్రిములతో పోరాడే ఏర్పాటు ఒకటి ఉన్నది. అది ఒక్కోసారి పొరబడి, ఏ హానీ చేయని ఆహారంలోని మాంసకృత్తులను శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తు పెట్టుకునే పదార్థాన్ని ఐజీఈ అంటారు. ఇషిజాకా దంపతులు 1966లో దీన్ని కనుగొన్నారు. మళ్ళీ ఆ తిండి తగిలినప్పుడు చర్మంలో, గొంతులో, పేగుల్లో కొన్ని కణాలు పగిలి హిస్టమిన్ మొదలైన రసాయనాలు ఒక్కసారిగా బయటికి వస్తాయి. దద్దుర్లు, దురద, వాపు, వాంతి, ఆయాసం అన్నీ వాటివల్లనే. సాధారణంగా తిన్న కొన్ని నిమిషాల నుండి రెండు గంటలలోపు ఇది జరుగుతుంది. ఒంట్లో అనేక భాగాలు ఒకేసారి దెబ్బతిని రక్తపోటు పడిపోతే దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు. అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ పేరు పుట్టింది కుక్కల వల్లనే కావడం ఒక వింత. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పోర్టియే అనే ఇద్దరు సముద్రజీవి విషాన్ని కొద్ది కొద్దిగా కుక్కలకు ఎక్కించి, వాటికి దాన్ని తట్టుకునే శక్తి వస్తుందేమో చూడబోయారు. కొన్ని వారాల తరువాత రెండవసారి చాలా తక్కువ మోతాదు ఇస్తే శక్తి రాకపోగా కుక్కలు చచ్చిపోయాయి. 1902లో వారు దానికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ బహుమానం వచ్చింది. ఎలర్జీ అన్న మాటను వియన్నాకు చెందిన డాక్టరు ఫాన్ పిర్కే 1906లో వాడుకలోకి తెచ్చాడు.

మోతాదుతో దీనికి పెద్ద పని లేదన్నది సభ్యులు ముఖ్యంగా గమనించవలెను. కొద్దిగా తింటే ఏమవుతుందిలే, అలవాటు పడితే పోతుంది అని ఇంట్లో పెద్దవారు అంటూ ఉంటారు. కొందరికి గింజలో ఒక నలుసు చాలు.

చెనిక్కాయల సీమలో చెనిక్కాయ పడకపోతే

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కొద్దిపాటి తేమతో ఎర్రనేలల్లో పండేది వేరుశనగ కాబట్టి ఒక దశలో ఏడెనిమిది లక్షల హెక్టార్ల దాకా అదే పంట వేశాము. ఇప్పుడు విస్తీర్ణం బాగా తగ్గినా మన తిండిలో దాని స్థానం తగ్గలేదు. సంగటిలోకి ఊరిబిండి, ఇడ్లీలోకి చెనిక్కాయల చట్నీ, వంకాయ కూరలో పొడి, పిల్లల చేతికి చిక్కీ. కాయ మనకు, కట్టె పశువుకు, చెక్క కుడితికి. అందుచేత పట్నంలో మాదిరి ‘ఇంట్లోకి వేరుశనగ తేకండి’ అని చెప్పేస్తే ఇక్కడ ఆచరణలో కుదరదు. పాడి మానుకోమని చెప్పినట్లే అవుతుంది.

మనం సాధారణంగా తలచని సంగతి ఒకటి ఉన్నది. ఎలర్జీకి కారణం నూనె కాదు, మాంసకృత్తులు. గింజలో మాంసకృత్తులు నూటికి పాతిక పాళ్ళు ఉంటే, నూనె తీసిన చెక్కలో నలభైకి పైబడి ఉంటాయి. అంటే వంటింట్లోని చట్నీ కన్నా కొట్టంలోని చెక్క చిక్కటి సరుకు. తల్లి వంటింటిని ఎంత శుభ్రంగా ఉంచినా, తొట్టి దగ్గర చేతులు కడగకుండా లోపలికి వస్తే ఆ కష్టమంతా వృథా. నూనెలో కూడా తేడా ఉన్నది. బాగా శుద్ధి చేసిన రిఫైండ్ నూనెలో మాంసకృత్తులు దాదాపు ఉండవు; గానుగ నూనెలో ఉంటాయి. గానుగ నూనె మళ్ళీ ఇళ్ళలోకి వస్తున్న ఈ కాలంలో ఈ తేడా తెలిసి ఉండడం అవసరం.

చెక్క మేసిన గేదె పాలలోకి వేరుశనగ వస్తుందా అని ఒక సభ్యుడు అడిగాడు. పశువు తిన్న మాంసకృత్తులు దాని కడుపులోనే విచ్ఛిన్నమవుతాయి. ఆ భయం పెట్టుకోనక్కరలేదు. చెక్క నానబెట్టిన బకెట్టులోనే పాలు పితికితే మాత్రం వస్తుంది. అది పశువు తప్పు కాదు, బకెట్టు తప్పు. అట్లాగే బూజు పట్టిన చెక్కలో పుట్టే అఫ్లటాక్సిన్ అనేది వేరే సంగతి. అది విషం, పాలలోకి దిగుతుంది, ఎలర్జీ ఉన్నా లేకున్నా అందరికీ చేటు. రెండింటినీ కలిపి మాట్లాడడం మేము చాలా చోట్ల విన్నాము.

పేర్ల చిక్కు ఒకటి. ఆ తల్లికి మొదట ఎవరో ‘శనగ పడదు’ అని చెప్పారట. ఆమె ఇంట్లో శనగపప్పు, శనగపిండి, పుట్నాలు మానేసి, చెనిక్కాయల పొడి మాత్రం యథాప్రకారం వాడింది. వేరుశనగ వేరు, శనగ వేరు. వేరుశనగ పడని పిల్లల్లో ఎక్కువమందికి కంది, పెసర, మినుము, శనగ పడతాయి. ఏది పడదో డాక్టరు చేత స్పష్టంగా, మన ఊరి మాటల్లో చెప్పించుకోవలెను. వీలైతే ఆ గింజనే తీసుకుపోయి చూపించవలెను. పుట్నాల పొడి అని అంగడిలో అమ్మే దానిలో వేరుశనగ కలిసి ఉండవచ్చు. హోటలు చట్నీ సంగతి చెప్పనే అక్కరలేదు.

వేయించిన గింజలో ఎలర్జీ గుణం పెరుగుతుంది, ఉడకబెడితే కొంత తగ్గుతుంది. అయినా పడని పిల్లవానికి ఉడికించిన కాయలు పెట్టి చూడరాదు.

తిండి ఏ దారిన వస్తుంది

కుక్క తిన్న పళ్ళెం మొదటి దారి. నడక నేర్చిన పిల్లలు కుక్క పళ్ళెంలో చేయి పెడతారు, ఆ చేతిని నోట్లో పెట్టుకుంటారు. రెండవది కుక్క నాలుక, మూతి, ముందు కాళ్ళు. దద్దుర్లు వట్టి బుగ్గ మీదనే ఆగితే పెద్ద ప్రమాదం ఉండదు. అదే నోట్లోకి, కంట్లోకి పోతే కథ వేరు. మూడవది మన చేతులు. పిల్లి ఉన్న ఇంట్లో పిల్లి కోసం గిన్నెలో పోసిన పాలు, పాలు కుడిచి నురగ మూతితో వచ్చే లేగదూడ, ఇవి కూడా ఇదే కోవలోకి వస్తాయి. పాలు పడని పిల్లవాడు దూడను కౌగిలించుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు రావడానికి దూడ వెంట్రుకలు కాక ఆ నురగే కారణం కావచ్చు. కొని తెచ్చే కుక్క బిస్కెట్లు, గుళికల మేతలో గోధుమ, సోయా, చేప, గుడ్డు, పాలపొడి ఏదైనా ఉండవచ్చు. సంచి మీద వ్రాసినది చదవవలెను.

ఆ ఇంటివారు చివరకు చేసిన ఏర్పాటు మాకు నచ్చింది. కొత్తగా ఒక కుక్కపిల్లను తెచ్చారు. దానికి సంగటి, మజ్జిగ, అప్పుడప్పుడు గుడ్డు. ఊరిబిండి గిన్నె కడిగిన నీళ్ళు సైతం పోయరు. దాని పళ్ళెం ఇంటి వెనుక వేపచెట్టు కింద ఉంటుంది. తిన్న తరువాత పెద్దవారే ఆ పళ్ళెం తీసి కడిగి చెట్టు కొమ్మకు తగిలిస్తారు. తడిగుడ్డతో దాని మూతి తుడిచాకనే వాకిట్లోకి వదులుతారు. కుడితి తొట్టికి పాత రేకుతో మూత చేయించారు. అది ఒక విధంగా పశువులకూ మంచిదే, ఎండకు కుడితి పులిసిపోదు. దాణా మూట విప్పేటప్పుడు, చెక్క దంచేటప్పుడు పిల్లవాణ్ణి పక్కింటికి పంపుతారు. చట్నీకి వేరే రోలు, వేరే గరిటె. పిల్లవాని గిన్నె, గ్లాసు వేరు.

చేతులు కడిగే విషయం కాస్త వివరంగా చెప్పాలి. బోర్లు ఎండిన ఊర్లో చెంబు నీళ్ళు కూడా లెక్కే. అందువల్ల చాలామంది వట్టి నీళ్ళతో తడిపి తుడుచుకుంటారు, లేకుంటే కరోనా నాటి శానిటైజరు సీసా తీస్తారు. అమెరికాలో 2004లో వేరుశనగ ముద్ద పూసుకున్న చేతులను రకరకాలుగా కడిగి పరీక్షించారు. సబ్బుతో కడిగితే పోయింది. వట్టి నీళ్ళతో కడిగిన కొందరి చేతులపైన, శానిటైజరు రాసుకున్న కొందరి చేతులపైన మిగిలే ఉంది. శానిటైజరు క్రిములను చంపుతుంది, మాంసకృత్తులను కడిగివేయదు. నీళ్ళు తక్కువైనా ఫరవాలేదు, సబ్బు తప్పనిసరి. కొట్టం గడప దగ్గరనే ఒక సబ్బు బిళ్ళ, ఒక చెంబు పెట్టుకోవడానికి ఖర్చేమీ కాదు. పాలు పితికే ముందు కూడా అది పనికివస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

నాకడం మాట వచ్చింది కనుక ఇంకొకటి. కుక్క పుండు మీద నాకినా, గీరినా, కరిచినా ఎలర్జీ సంగతి పక్కన పెట్టి, సబ్బుతో పావుగంట సేపు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు పోవలెను. ఇంటి కుక్కకు ఏటేటా టీకా వేయించవలెను.

నిజంగానే కుక్క పడనివారు

మేము మొదట చెప్పిన మాట అన్ని చోట్లా తప్పు అని అనుకోరాదు. కుక్క లాలాజలం, చర్మం పొట్టు పడనివారు ఉన్నారు. వారికి సాధారణంగా తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద, ఉబ్బసం వస్తాయి. కుక్క ఏమి తిన్నదన్న దానితో సంబంధం లేకుండా వస్తాయి. తిండి ద్వారా వచ్చే బాధ ఒక రోజు ఉండి ఒక రోజు ఉండదు. ఆ తేడా పట్టుకోవడానికి రెండు మూడు వారాలు ఒక పుస్తకంలో వ్రాసుకుంటే చాలు: ఆ రోజు పిల్లవాడు ఏమి తిన్నాడు, కుక్క ఏమి తిన్నది, కొట్టంలో ఏ పని జరిగింది, దద్దుర్లు ఎప్పుడు వచ్చాయి. పాల పుస్తకం వ్రాసే ఇంట్లో ఇది పెద్ద పని కాదు. ఆ పుస్తకం డాక్టరుకు పనికివస్తుంది. పడదని అనుమానం ఉన్న తిండిని మాత్రం ఇంట్లో తినిపించి పరీక్ష చేయరాదు. అది ఆసుపత్రిలో, మందులు దగ్గర పెట్టుకుని చేసే పని.

జపానులో 66 వేల పైచిలుకు పిల్లల వివరాలు సేకరించి 2023లో ఒక నివేదిక ప్రకటించారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో ఇంట్లో కుక్కతో గాని పిల్లితో గాని పెరిగిన వారిలో మూడేళ్ళ లోపు ఆహార ఎలర్జీలు తక్కువగా కనిపించాయి. కుక్క ఉన్న ఇళ్ళలో గుడ్డు, పాలు, గింజల ఎలర్జీ తగ్గింది. పిల్లి ఉన్న ఇళ్ళలో గుడ్డు, గోధుమ, సోయా ఎలర్జీ తగ్గింది. తల్లులు చెప్పిన వివరాల మీద ఆధారపడిన పరిశీలన కాబట్టి కుక్కను మందులాగా కొని తెచ్చుకోమని దీని అర్థం కాదు. కాని బిడ్డ పుట్టగానే భయపడి కుక్కను తరిమివేయాల్సిన అవసరం లేదనడానికి ఇది చాలు.

పాలు పడని పిల్లల గురించి

పాల సంఘం పత్రికలో ఈ మాట వ్రాయడం కొందరికి నచ్చకపోవచ్చు. అయినా వ్రాయాలి. కొందరు పసిపిల్లలకు పశువు పాలు పడవు. ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని కలిపివేయడం వల్ల నష్టం జరుగుతోంది.

ఒకటి, పాలలోని చక్కెర అరగకపోవడం. పెద్దవారిలో ఇది మన దక్షిణాదిన చాలా సాధారణం. కడుపు ఉబ్బరం, గ్యాసు, విరేచనం తప్ప ప్రాణభయం లేదు. వీరికి పెరుగు, మజ్జిగ చాలావరకు పడతాయి, కొద్ది పాలు కూడా పడతాయి. రెండవది పాల మాంసకృత్తుల ఎలర్జీ. కేసీన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనేవి ఇందులో ముఖ్యమైనవి. ఇది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది. ఇందులో పెరుగు, మజ్జిగ, కోవా, పన్నీరు ఏవీ పనికిరావు. నెయ్యిలో సైతం కొద్ది పాలు మిగిలి ఉండవచ్చు. పాలు మరగకాచినంత మాత్రాన కేసీన్ పోదు. ఆవు పాలు పడకపోతే గేదె పాలు, మేక పాలు పట్టమని ఇరుగుపొరుగు వారు చెబుతారు. ఈ మూడింటి మాంసకృత్తులకు దగ్గరి పోలిక ఉన్నందున అవి కూడా సాధారణంగా పడవు.

గాడిద పాలు అమ్మేవారు ఇప్పటికీ మన ఊర్లకు వస్తారు. ఇటలీలో జరిగిన పరిశీలనల్లో ఆవు పాలు పడని పిల్లల్లో ఎక్కువమందికి గాడిద పాలు పడినట్లు తేలింది. అక్కడ వాటిని పరీక్షించి, డాక్టరు పర్యవేక్షణలో, తక్కువగా ఉండే కొవ్వును విడిగా చేర్చి ఇచ్చారు. వీధిలో పిండి పచ్చిగా ఉగ్గుగిన్నెలో పోసేది ఆ కోవలోకి రాదు.

తల్లిపాలు మానవద్దు. అవసరమైతే తల్లి కొంతకాలం పాల పదార్థాలు మానవలసి వస్తుంది. అప్పుడు ఆమెకు సున్నం ఎట్లా అందాలో డాక్టరు చెబుతారు. రాగి మన ఇంట్లోనే ఉన్నది. పాల ఎలర్జీ చాలామంది పిల్లలకు బడి వయస్సు వచ్చేసరికి పోతుంది. వేరుశనగ ఎలర్జీ అట్లా కాదు, అయిదుగురిలో ఒకరికి మాత్రమే పోతుంది. కాబట్టి ఏడాదికి ఒకసారి మళ్ళీ చూపించుకోవలెను, పిల్లవానికి జీవితాంతం పాలు లేవని ఇంట్లో తీర్మానం చేయరాదు.

పనిలో పనిగా, పొదుగువాపుకు పెన్సిలిన్ జాతి మందు ఎక్కించిన పశువు పాలను డాక్టరు చెప్పిన గడువు తీరేవరకు సంఘానికి పోయరాదు. ఆ మందు పడనివారు ఎక్కడో పట్నంలో ఆ పాలు తాగుతారు. వారికి మన కొట్టం సంగతి తెలియదు.

ఎంతమందికి ఉంటుంది, పరీక్షలు ఏమిటి

ఇది చదివి ప్రతి ఇంట్లోనూ ఎలర్జీ వెదకడం మొదలుపెట్టకండి. మన పొరుగున కర్ణాటకలో, బెంగుళూరు, మైసూరు ప్రాంతాల్లో జరిగిన సర్వే ఫలితాలు 2016లో వెలువడ్డాయి. పెద్దవారిలో నూటికి 26 మంది రక్తంలో ఏదో ఒక తిండికి ఐజీఈ కనిపించింది. నిజంగా ఆ తిండి తింటే బాధపడేవారు మాత్రం నూటికి ఒకరి చిల్లర. అంటే రక్త పరీక్షలో కనబడినంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్లు కాదు. అదే సర్వేలో పిల్లల్లో అసలైన ఎలర్జీ వెయ్యికి ఒకరిద్దరికి మించి తేలలేదు.

ఈ లెక్క ఎందుకు చెబుతున్నామంటే, వేలకు వేలు తీసుకుని వంద రకాల తిండ్లకు ఒకేసారి పరీక్ష చేసి, పడని పదార్థాలని పొడుగాటి జాబితా ఇచ్చేవారు పట్నంలో ఉన్నారు. ఒక సభ్యుడు పాలు, గుడ్డు, కందిపప్పు, వంకాయ, గోధుమ పిల్లకు మాన్పించి మాకు ఆ కాగితం చూపించాడు. పిల్ల బక్కచిక్కిపోయింది. ఏ తిండి తిన్న తరువాత ఏమి జరిగిందన్న చరిత్ర ముందు, పరీక్ష తరువాత. చర్మం మీద చుక్క వేసి గుచ్చి చూసే పరీక్ష గాని, ఆ ఒక్క తిండికి ఐజీఈ పరీక్ష గాని చాలు. ఐజీజీ అనే పరీక్ష ఆహార ఎలర్జీకి ఎందుకూ పనికిరాదు.

భయపడి పసిపిల్లలకు వేరుశనగ రుచి చూపించకుండా ఉండడం కూడా మంచిది కాదని తేలింది. బ్రిటనులోని యూదు పిల్లల్లో వేరుశనగ ఎలర్జీ ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లల కన్నా పది రెట్లు ఎక్కువగా ఉన్నట్లు 2008లో బయటపడింది. ఇజ్రాయెల్‌లో పసితనం నుండే బంబా అనే వేరుశనగ చిరుతిండి పెడతారు. దాన్ని పట్టుకుని లండనులో 640 మంది పసిపిల్లల మీద పరీక్ష చేసి 2015లో ఫలితం ప్రకటించారు. వీరందరూ తీవ్రమైన గజ్జి వంటి చర్మవ్యాధి గాని గుడ్డు ఎలర్జీ గాని ఉండి, ప్రమాదం ఎక్కువ ఉన్నవారు. వారిలో మొదట చర్మ పరీక్షలో ఏమీ కనబడని పిల్లలను తీసుకుంటే, వేరుశనగ దూరంగా ఉంచిన వారిలో అయిదేళ్ళకు నూటికి సుమారు 14 మందికి ఎలర్జీ వచ్చింది; చిన్నప్పటి నుండి తిన్నవారిలో ఇద్దరికి మాత్రమే. మన అవ్వలు ఆరో నెల దాటాక సంగటిలో నలిపి పెట్టడం తప్పు కాదన్నమాట. అయితే మెత్తని ముద్దగానే పెట్టాలి. అయిదేళ్ళ లోపు పిల్లలకు గింజలు గింజలుగా పెడితే గొంతులో అడ్డుపడతాయి. ఒంటి మీద తీవ్రమైన చర్మవ్యాధి ఉన్న పసిబిడ్డకు ముందు డాక్టరును అడగండి. ఇప్పటికే ఎలర్జీ బయటపడిన పిల్లకు ఈ పేరా వర్తించదు.

గొంతు బిగిసినప్పుడు

దద్దుర్లు మాత్రమే ఉంటే సెటిరిజిన్ వంటి మాత్ర సరిపోతుంది. గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, పదే పదే వాంతులైనా, పిల్లవాడు వాలిపోయినా మాత్ర ఇచ్చి కూర్చోరాదు. అప్పుడు పనిచేసే మందు అడ్రినలిన్ ఒక్కటే, తొడ కండరానికి వేసే ఇంజక్షను. ఎంత త్వరగా పడితే అంత మేలు. టీకాలు వేసేవారి దగ్గర ఉండే అనాఫిలాక్సిస్ పెట్టెలో కూడా ఇదే ఉంటుంది కనుక, మీకు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ముందుగానే పోయి, మా ఇంట్లో ఇట్లాంటి పిల్లవాడున్నాడు, రాత్రివేళ వస్తే ఎవరు ఉంటారు అని మాట్లాడి పెట్టుకోవలెను. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండికి ఫోను చేయవచ్చు. బండి రావడానికి ఎంతసేపు పడుతుందో మీ ఊరి దూరం మీకే తెలుసు. ఈలోగా పిల్లవాణ్ణి పడుకోబెట్టి కాళ్ళు ఎత్తు చేయాలి. ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంటే కూర్చోనివ్వాలి. లేపి నడిపించరాదు. మేము పైన చెప్పిన ఇంటివారు మోటారు సైకిలు మీద నిటారుగా కూర్చోబెట్టి తీసుకుపోయారు. ప్రమాదం తప్పింది, కాని అది సరైన పద్ధతి కాదని తరువాత డాక్టరుగారు చెప్పారు. తేరుకున్న తరువాత కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి, తగ్గినట్లే తగ్గి మళ్ళీ రావచ్చు.

తనంతట తానే గుచ్చుకునే అడ్రినలిన్ కలం విదేశాల్లో ఇంటింటా ఉంచుతారు. మన దగ్గర అది సులభంగా దొరకదు. కొందరు డాక్టర్లు ఆంపూలు, సిరంజి ఇచ్చి, పిల్లవాని బరువుకు ఎంత వేయాలో తల్లిదండ్రులకు నేర్పిస్తున్నారు. నేర్పించుకున్నవారే ఆ పని చేయాలి. ఆంపూలు మీద గడువు తేదీ చూస్తూ ఉండాలి, ఎండ తగలని చోట పెట్టాలి.

బడిలో చెప్పి ఉంచడం మరువరాదు. మధ్యాహ్న భోజనంలో పిల్లలకు వేరుశనగ చిక్కీ ఇవ్వడం మన రాష్ట్రంలో 2020లో మొదలైంది. బలమైన తిండి, మంచి పని. పడని పిల్లవానికి మాత్రం అదే ఆపద. పక్క పిల్లలు ప్రేమతో సగం విరిచి పెడతారు. పంతులుగారికి, వంటమ్మకు, అంగన్‌వాడీ కార్యకర్తకు కాగితం మీద వ్రాసి ఇవ్వాలి.

మొన్న మళ్ళీ ఆ సంఘానికి వెళ్ళాము. లెక్కలు చూసిన తరువాత ఆ ఇంటికి కూడా పోయాము. పిల్లవాడు బడి నుండి వచ్చి, గడప దగ్గరి సబ్బుతో చేతులు కడుక్కుని, కుక్కపిల్ల మూతిని తానే తడిగుడ్డతో తుడుస్తున్నాడు. అది నిలబడక వాణ్ణి చుట్టూ తిప్పుతున్నది. పాత కుక్క ఎక్కడికి పోయిందని వాడు మమ్మల్ని అడిగాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.